ఊడివచ్చే పెట్టె, ఊడిరాని పెట్టె

మా డివిజన్‌లో అడవి పందులకూ మక్కచేలకూ మధ్య నడుస్తున్న వ్యవహారాన్ని శాశ్వతంగా తేల్చేయడానికి ప్రభుత్వం ఒక రైఫిల్ మంజూరు చేసింది. ఒక్కటే రైఫిల్. పందులు ఎన్నో ఉత్తర్వులో రాయలేదు.

ఉత్తర్వు వచ్చిన రోజున లసుంబాయి మా ఆఫీసు వరండాలోనే ఉంది. అడవి అంచున ఆమెకు కొద్దిపాటి మక్కచేను ఉంది. ఏటా కంకికి పాలు పట్టే వేళకు పందులు దిగి, చేనంతా చాపలా పరిచి పోతాయి. ఈసారైతే విత్తనం పెట్టినప్పుడే సాళ్ల వెంట ముట్టెతో తవ్వుకుంటూ వచ్చాయి. ఆమె చేను చుట్టూ పాత చీరలు కట్టింది. మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లింది. మనిషి వాసనకు పందులు రావని ఎవరో చెప్పారట. మొదట్లో అవి అనుమానపడ్డాయి, తరవాత అలవాటు పడ్డాయి.

"తుపాకి వస్తదంట గద బిడ్డా," అని నన్నడిగింది. "కంకికి పాలు పట్టేలోపు వస్తదా?"

అప్పటికి ఆమె చేను మోకాలెత్తు. వస్తుందనే చెప్పాను. ఆ ఉత్తర్వు మా ఆఫీసులో టైపు చేసింది కాదు కాబట్టి నాకూ దాని మీద నమ్మకంగానే ఉంది.

ఉత్తర్వులో "అనువైన వేట రైఫిల్" అని ఉంది. అనువైనది ఏదో తేల్చడానికి మా అటవీ డివిజనల్ అధికారి నరహరిరావు గారు ఒక కమిటీ వేశారు. అధ్యక్షులు ఆయనే. సూపరింటెండెంట్ మొయినుద్దీన్ సాబ్ సభ్యులు. జిల్లా కేంద్రంలోని ఒక షూటింగ్ క్లబ్బు నుంచి ప్రద్యుమ్న రెడ్డి గారిని నిపుణులుగా పిలిపించారు. ఎవరేమన్నా రాసుకోవడం నా పని.

ప్రద్యుమ్న రెడ్డి గారు టోపీ తీసి బల్ల మీద పెట్టి, దాని పక్కన రెండు రైఫిళ్ల బొమ్మలు పరిచారు.

"తేడా అంతా తూటాల పెట్టె దగ్గరే ఉందండీ. ఇదుగో, దీంట్లో పెట్టె తుపాకీ కర్ర లోపలే ఉంటుంది, ఊడిరాదు. తూటాలు పైనుంచి ఒక్కొక్కటే తోయాలి, తీయాలన్నా అంతే. ఆలస్యమే. కానీ పట్టుకుంటే చేతిలో నిండుగా కూర్చుంటుంది, కింద ఏదీ పొడుచుకు రాదు, అడవిలో ఎక్కడో పడిపోయిందన్న బెంగ ఉండదు. ఈ రెండో దాంట్లో పెట్టె కింద ఉంటుంది. మీట నొక్కితే ఊడి చేతిలోకి వస్తుంది. జీపెక్కేటప్పుడు తీసేసుకోవచ్చు, ముందే నింపిన ఇంకో పెట్టె జేబులో ఉంచుకోవచ్చు. ఉన్న పెట్టె పారేసుకున్నామా, ఇక సారికొక్క గుండే."

"నిపుణులుగా మీ సూచన?"

"నాకు ఊడిరానిదే ఇష్టమండీ. అయితే పందికి రెండూ ఒకటే."

"పంది కోణాన్ని తరవాత పరిశీలిద్దాం," అన్నారు నరహరిరావు గారు. "ఈ అంశాన్ని సమగ్రంగా, ఎటువంటి తొందరపాటుకూ తావివ్వకుండా చూడవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది."

మొయినుద్దీన్ సాబ్ అప్పటిదాకా బొమ్మలనే చూస్తున్నారు. "ఒక్క మాట సార్. మీట నొక్కితే ఊడొస్తదన్నరు గద. ఊడొచ్చిందంటే అది అలగ్ సామాను. అలగ్ సామానుకు అలగ్ నంబరు, అలగ్ బీరువా, అలగ్ జిమ్మేదారు ఉండాలె."

"అది తుపాకీలో భాగమే కదండీ," అన్నారు ప్రద్యుమ్న రెడ్డి గారు.

"మన ఆఫీసు కుర్చీలకు దిండ్లు ఉండె సార్. దిండు ఊడొస్తది. కుర్చీకొక నంబరు, దిండుకొక నంబరు. దిండు పోయినేడు రిటైరైంది. కుర్చీ ఇంక సర్వీసులనే ఉన్నది."

ప్రద్యుమ్న రెడ్డి గారు కూర్చున్నది ఆ కుర్చీలోనే. ఆయన కొంచెం కదిలి సర్దుకున్నారు.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ఆయుధమూ మందుగుండూ ఒకే మనిషి అధీనంలో ఉండకూడదని మా ఆఫీసు నియమం. మరి ఈ ఊడివచ్చే పెట్టె ఆయుధమా, మందుగుండా? ఖాళీగా ఉన్నప్పుడు ఆయుధంలో భాగమని ఒప్పుకున్నారు. నింపాక మందుగుండు అవుతుందనీ ఒప్పుకున్నారు.

"అంటే తూటాలు ఎక్కగానే దీని శాఖ మారిపోతుందన్నమాట," అన్నారు నరహరిరావు గారు ఆశ్చర్యంగా.

"ఒక్కటే తూటా ఎక్కిస్తేనో సార్?"

"పాక్షికంగా మారుతుంది."

అంతలో చాయ్ వచ్చింది.

తరవాతి సమావేశంలో గాలి ఊడిరాని పెట్టె వైపు మళ్లింది. ప్రద్యుమ్న రెడ్డి గారు కొత్త టోపీతో వచ్చారు. ఊడిరాదు కాబట్టి వేరే సామాను కాదు, వేరే సామాను కాదు కాబట్టి తుపాకీతోపాటే ఉంటుంది అని చెప్పి ఆయన కాగితాలు సర్దుకుంటుండగా, మొయినుద్దీన్ సాబ్ గొంతు సవరించుకున్నారు.

"ఏటేటా సామాను తనిఖీ చేసే అధికారి కండ్లతోని చూసి సంతకం పెట్టాలె. కర్ర లోపలున్న పెట్టెను ఎట్ల చూస్తడు సార్?"

"అడుగున రేకు మూత ఉంటుందండీ. తెరిచి చూపించొచ్చు."

"మూత తెరుచుకుంటదా, ఊడొస్తదా?"

"తెరుచుకుంటుంది. ఒక పక్క బందు ఉంటుంది."

"ఆ బందుకు స్క్రూలుంటయి గద?"

"ఉంటాయి."

"స్క్రూలు ఊడొస్తయా?"

ప్రద్యుమ్న రెడ్డి గారు అబద్ధమాడే మనిషి కాదు. "స్క్రూడ్రైవర్ పెడితే వస్తాయి," అన్నారు.

"అయితే గిది గూడ ఊడొచ్చే రకమే సార్."

అసలు ఊడిరానిదంటూ ఈ లోకంలో ఏదైనా ఉందా అన్న ప్రశ్న నరహరిరావు గారిని పట్టుకుంది. ఆ ప్రశ్నకు ఒక ఉపసంఘం వేశారు. వాళ్లే మళ్లీ సభ్యులు. ఉపసంఘం కొన్ని వారాలు కష్టపడి ఒక నిర్వచనం తయారు చేసింది: "చేతితో గాని, పనిముట్టుతో గాని, కాలక్రమంలో గాని ఒక వస్తువు మరొక వస్తువు నుండి వేరుపడుటయే ఊడివచ్చుట. అట్లు ఊడివచ్చినది ప్రత్యేక వస్తువుగా పరిగణింపబడును." కాలక్రమంలో గాని అన్న మాట మొయినుద్దీన్ సాబ్ తన పళ్లను దృష్టిలో పెట్టుకుని చేర్పించారు. నిర్వచనానికి పైఅధికారుల ఆమోదం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి హాల్లో తగిలించారు.

ఈలోగా ఈ చర్చ మా ఆఫీసు దాటి బయటికి పోయింది. జంటగిన్నెల క్యారియర్‌లో అన్నం తెచ్చుకునేవాళ్లు ఊడివచ్చే పక్షమనీ, ఒకటే డబ్బా తెచ్చుకునేవాళ్లు ఊడిరాని పక్షమనీ సిబ్బందిలో చీలిక వచ్చింది. బస్టాండు చాయ్ హోటల్లో రెండు పక్షాలూ వేరే వేరే బల్లల దగ్గర కూర్చునేవి. తుపాకీ ఎన్నడూ చూడని వాళ్లు కూడా చేతిలో అది ఎట్లా నిండుగా ఉండాలో చేతులు చాచి చూపించేవాళ్లు. మా టైపు గదిలో నన్ను ఏ పక్షమని అడిగారు. నేను ఇంటినుంచి రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చుకుంటాను. నన్ను తటస్థురాలిగా రాసుకున్నారు.

ప్రజల్లో ఇంత ఆసక్తి ఉన్నప్పుడు రైతుల మాట వినకపోతే ఎట్లా అని నరహరిరావు గారికి అనిపించింది. రైతుల తరఫున లసుంబాయిని సమావేశానికి పిలిచారు. ఆమె ఎట్లాగూ వరండాలోనే ఉంది.

"చూడమ్మా," అన్నారాయన. "ఒక మహిళా రైతుగా, కాబోయే లబ్ధిదారుగా నీ అమూల్యమైన అభిప్రాయాన్ని నిర్భయంగా వ్యక్తపరచు. పెట్టె లోపల ఉండాలా, బయట ఉండాలా?"

"ఏం పెట్టె సారూ?"

"తూటాల పెట్టె."

లసుంబాయి మా అందరి మొహాలూ చూసింది. "లోపలుంటేంది, బయటుంటేంది సారూ. గుండు బయటికి రావాలె గని."

"బయటికి రావాలె," అని నరహరిరావు గారు నా వైపు తిరిగారు. "రాయమ్మా. రైతులు బయటి పెట్టెకే మొగ్గు చూపారు."

రాశాను. ప్రద్యుమ్న రెడ్డి గారి మొహం చిన్నబోయింది. "తొందరపడ్డావమ్మా," అన్నారు లసుంబాయితో.

"నేనేమన్న సార్? చేను పూతకచ్చింది. మంచె మీద పండుకొని పండుకొని నడుం పడిపోయింది. డబ్బ కొడుతుంటె అవి ఆడ నిలబడి వింటున్నయి, పెండ్లి మేళం వచ్చినట్టు. నేనొక్కదాన్ని ఎన్ని దిక్కుల ఉరకాలె?"

"ఇది నేటి అంశాలలో లేదు," అన్నారు నరహరిరావు గారు మెత్తగా. ఆమెకు కూడా చాయ్ ఇప్పించారు.

రైతుల కోరిక మేరకు ఊడివచ్చే పెట్టె ఉన్న రైఫిలే కొన్నారు. దాన్ని నిర్వచనానికి లోబడి మూడు చోట్ల ఉంచాలని తీర్మానించారు. తుపాకీ మా ఆఫీసులో, మొయినుద్దీన్ సాబ్ బీరువాలో. పెట్టె వాగు అవతల ఉన్న రేంజి ఆఫీసులో. తూటాలు ఠాణాలో. మూడూ ఒకే వాహనంలో ప్రయాణించరాదు. ప్రద్యుమ్న రెడ్డి గారు కొత్త రైఫిల్ ఎత్తి, మీట నొక్కి, పెట్టె ఊడి చేతిలోకి రావడం అందరికీ చూపించారు. అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగేలోపే పెట్టెను ఆయన చేతిలోంచి తీసుకుని రేంజి ఆఫీసుకు పంపేశారు.

ఒక సందేహం మాత్రం మిగిలింది. తుపాకీ పేలాక తూటాలోంచి గుండు ఊడిపోతుంది. అంటే గుండు ప్రత్యేక వస్తువు. అది పందిలో ఉంటుంది. అప్పుడు పంది ఎవరి బీరువాలో ఉండాలన్నది వాయిదా వేశారు.

ఇక మిగిలింది ప్రారంభోత్సవం. దానికి పచ్చగా నిలబడ్డ చేను ఒకటి కావాలి. రైతుల ప్రతినిధి కాబట్టి లసుంబాయి చేనునే ప్రదర్శన క్షేత్రంగా ప్రకటించి, గట్టు మీద ఎర్ర బోర్డు పాతారు. నోటీసు నేనే టైపు చేశాను. ప్రారంభోత్సవం ముగిసేదాకా సదరు క్షేత్రంలోని పంటను కోయరాదు, యథాతథంగా నిలబెట్టి ఉంచవలెను, ఉల్లంఘించినచో పంట నష్టపరిహారానికి శాశ్వతంగా అనర్హులగుదురు. ప్రారంభించడానికి రావలసిన పెద్దమనిషికి తీరిక దొరకలేదు. తేదీ ఒకసారి జరిగింది, మళ్లీ జరిగింది.

లసుంబాయి నోటీసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. చీర కుచ్చిళ్లకు మక్కపీచు అంటుకుని ఉంది.

"కంకికి పాలు పట్టింది బిడ్డా. పందులు రోజుకొక సాలు పండబెడుతున్నయి. గిప్పుడే పచ్చి కంకులు తెంపి రోడ్డు మీద అమ్ముకుంటె సగమన్న దక్కుతది. ఉంచితె ఒక్కటి మిగల్ది. కోస్తె ఇగ జన్మల నష్టపరిహారం లేదంటున్నరు. ఏం జెయ్యాలె చెప్పు."

"ఏం చేయాలో నేను చెప్పలేను పెద్దమ్మా," అన్నాను.

"పోనీ అండ్ల ఏమున్నదో చదువు."

చదివాను. ఆమె కళ్లు మూసుకుని వింది. మళ్లీ చదవమంది. చేను కోయొద్దని ఉంది, నిలబడి ఉండాలని ఉంది.

"కంకుల ముచ్చట ఉన్నదా?"

లేదన్నాను. ఆమె నోటీసు మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది.

చివరికి పెద్దమనిషి రానే లేదు. తామే ప్రారంభిస్తామని నరహరిరావు గారు నిర్ణయించారు. ఆ పొద్దున తుపాకీ ఉన్న మా జీపు ముందు బయలుదేరింది. తూటాలతో ఠాణా జీపు వెనక వచ్చింది. వాగు అవతలి నుంచి పెట్టె రావాలి. దాని బీరువా తాళం చెవి ఉన్నాయన ఏదో పెళ్లికి పోయారట. పెద్దరోడ్డు మలుపు దగ్గర దిగి ఎదురుచూస్తూ నిలబడ్డాం.

అక్కడ బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తున్న వాసన వచ్చింది. ఆ వాసనకు ఎవరం ఆగలేకపోయాం. కొంగు తల మీదికి లాక్కుని విసనకర్ర ఊపుతున్న మనిషిని నేను దూరం నుంచే గుర్తుపట్టాను. ఆమె కూడా నన్ను చూసింది. విసనకర్ర ఒక్క క్షణం ఆగి మళ్లీ ఊగింది.

నరహరిరావు గారు ఎన్నో సమావేశాల్లో రైతు మహిళ గురించి మాట్లాడిన మనిషే గాని, మొహం గుర్తుపెట్టుకునే అలవాటు లేదు. "లేతవి చూసి ఇవ్వమ్మా," అన్నారు. నిమ్మకాయ, ఉప్పు రాసి ఇచ్చింది. ఆయన తిన్నారు. ప్రద్యుమ్న రెడ్డి గారు టోపీ చంకలో పెట్టుకుని ఒకటి తిని రెండోది అడిగారు. మొయినుద్దీన్ సాబ్ ఉన్న పళ్లతో ఒక పక్క నుంచి నిదానంగా వలుచుకుంటున్నారు. పెట్టె జీపు కూడా వచ్చింది, అందులోవాళ్లూ తిన్నారు. తుపాకీ, పెట్టె, తూటాలు మొదటిసారి ఒకే చోటికి చేరాయి. ఎవరి చేయీ ఖాళీగా లేదు.

"బ్రహ్మాండంగా ఉన్నాయి," అన్నారు నరహరిరావు గారు. "ఎక్కడివమ్మా ఈ కంకులు?"

లసుంబాయి బొగ్గులు సర్దింది. "గా ఎర్ర బోర్డు చేనుయే సారూ," అంది.

అప్పుడు ఆయన ఆమె మొహం చూశారు. చేతిలోని కంకిని చూశారు. "ప్రదర్శన క్షేత్రం కోసేశావా?"

"కోయలే సారూ. చేను నిలబడే ఉన్నది. మీరే వోయి చూడుండ్రి. కంకులు తెంపుకున్న, గంతే."

"ఇది స్పష్టమైన ఉల్లంఘన. నష్టపరిహారానికి శాశ్వతంగా..."

ఆయన ఆ మాట పూర్తి చేయబోతుండగా లసుంబాయి లేచి నిలబడింది. కొంగు కొస వేళ్లకు చుట్టుకుంటూ ఉంది.

"ఆగుండ్రి సార్," అన్నారు మొయినుద్దీన్ సాబ్. ఆయన ఆమె వంక చూడలేదు. కంకినే అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. "గిది చెట్టుకెల్లి ఎట్లొచ్చింది? చేతితోని ఊడొచ్చింది. మన నిర్వచనం ప్రకారం అలగ్ సామాను. నోటీసు పంటకు ఇచ్చినం. కంకికి అలగ్ నోటీసు ఇయ్యలే."

"కంకి పంట కాదంటారా?"

"చెట్టుకున్నంత సేపు పంట సార్. ఊడినంక కాదు. తూటా ఎక్కితె పెట్టె మందుగుండు అయితదన్నరు గద, గిదీ అంతే. కాదంటె నిర్వచనం తప్పు. నిర్వచనం తప్పయితె మూడు బీరువాలు తప్పు. మూడు బీరువాలు తప్పయితె ఈ రైఫిల్ కొన్నదే తప్పు. సంతకాలు మీవి సార్."

"అంటే మక్కచెట్టు కూడా ఊడివచ్చే రకమేనన్నమాట," అన్నారు ప్రద్యుమ్న రెడ్డి గారు దిగులుగా. రెండో కంకి ఆయన చేతిలో పూర్తయింది.

నరహరిరావు గారు ఆలోచించారు. ఆలోచిస్తూ మిగిలిన గింజలు కూడా తిన్నారు. ఆ తరవాత గింజలు తీసిన బెండును ఎక్కడ పడేయాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడ్డారు. "క్షేత్రం యథాతథంగా నిలబడి ఉన్నందున, ఉల్లంఘన జరగలేదని భావించడమైనది," అన్నారు. "రాయమ్మా."

రాశాను. ఎప్పుడూ రాసేదానికన్నా కొంచెం గట్టిగా నొక్కి రాశాను.

లసుంబాయి కూర్చుంది. లబ్ధిదారు కూడా వేదిక మీద ఉండాలని ఆమెను రమ్మన్నారు.

"బేరమున్నది సారూ," అంది. "మీరు వోయి రాండ్రి."

మేము వెళ్లాం. చేను నిజంగానే నిలబడి ఉంది. ఆకులు పచ్చగా ఉన్నాయి. పందులు పడగొట్టిన సాళ్లు తప్ప, బోర్డు నుంచి అడవి దాకా అన్నీ కంకి లేని చెట్లే. ప్రద్యుమ్న రెడ్డి గారు తుపాకీకి పెట్టె బిగించారు గాని నింపలేదు. నింపిన పెట్టె బిగిస్తే అది ఎవరి అధీనంలోకి వస్తుందో ఇంకా తేలలేదు. నరహరిరావు గారు రిబ్బను కత్తిరించి, ఈ ఆయుధం రైతు లోకానికి అంకితమన్నారు. ఎంతసేపు చూసినా ఒక్క పంది కూడా రాలేదు. తుపాకీ చేను గట్టు ఎక్కగానే పందుల బెడద పూర్తిగా తొలగిపోయిందని నివేదికలో రాయించారు. తుపాకీ, పెట్టె, తూటాలు ఎవరి జీపులోకి అవి ఎక్కాయి.

తిరిగి వస్తూ మలుపు దగ్గర నరహరిరావు గారు మా జీపు ఆపించారు. ఇంటికి నాలుగు కట్టించుకుపోదామని. బొగ్గులు ఆర్పేసి ఉన్నాయి. లసుంబాయి గంప బోర్లించి దాని మీద కూర్చుని, నడుం నిటారుగా పెట్టుకుని బస్సు కోసం చూస్తోంది.

"అయిపోయినయి సారూ," అంది.

"అన్నీనా?"

"అన్ని. పందులకు గూడ ఒక్కటి మిగల్లే."